నలుగురు మనుషులు, ఐదు కర్రలు

దోసలగూడెం,
మే 24, 2025

నా బంగారు తల్లి సరళకు,

మీ బాపు రెండు చేతులెత్తి దీవించి రాస్తున్నది. ఈ కాగితం చదవకముందే పిల్లలిద్దరి నోట్లో చెరో చెంచా చక్కెర పోసి, నువ్వు కూడా ఇంత వేసుకో. వేసుకున్నావా? ఇక చదువు. మీ బాపు గొర్రెల పెంపకందార్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు!

ఇంఛార్జి అధ్యక్షుడు అనాలట. మన సంఘం కార్యదర్శి జగదీశ్ నేను అన్నప్పుడల్లా సరిదిద్దుతున్నాడు. ఇంఛార్జి అయితే ఏంది బిడ్డా, కూర్చునేది అదే చేతుల కుర్చీ, కొట్టేది అదే ముద్ర. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలియనిదా! ఫోను ఆనించుకుంటే తేనెతుట్టె ఆనించుకున్నట్టే ఉంటుంది. కోదాడకు కూరగాయల ఆటో తోలే మన సతీష్ చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా వాని చేతికే ఇయ్యి.

సంగతి ఎట్లా జరిగిందంటే, పాత అధ్యక్షునికి గుండె పట్టుకుని హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. పాపం, మంచిగనే ఉన్నాడట. ఉపాధ్యక్షుణ్ణి నేను. ఇన్నేండ్లు నా పని వచ్చినవాళ్ళ మెడలో దండ వేయడమే. సరిగ్గా అదే వారం ఊళ్ళోకి పారుడు రోగం దిగింది. సంతలో కొని తెచ్చిన మేకలతో వచ్చిందట. ముక్కులు కారుతున్నాయి, నోళ్ళు పుండ్లు పడుతున్నాయి, పారుకుని పారుకుని పొద్దున లేచేసరికి జీవాలు కాళ్ళు చాపుకుని ఉంటున్నాయి. మన దొడ్లో కూడా మూడు పోయాయి. సూర్యాపేట నుంచి పశువుల డాక్టరమ్మ ఉమారాణి వచ్చి చూసి, “బయటి మందలు లోపలికి రావొద్దు, లోపలివి బయటికి పోవొద్దు. మీ సంఘం ఇయ్యాల్నే తీర్మానం చెయ్యాలె” అన్నది.

సంఘానికి డైరెక్టర్లం తొమ్మిది మందిమి. కనీసం ఐదుగురు కూర్చుంటేనే తీర్మానం చెల్లుతుంది. ఊళ్ళో ఉన్నది నలుగురం. మిగతా ఐదుగురు మందలతో వలస మీద ఉన్నారు. ఒకడు మిర్యాలగూడ దిక్కు, ఇద్దరు హాలియా దిక్కు, ఒకడు గరిడేపల్లి దిక్కు, మన అల్లుడు మల్సూరు నేరేడుచర్ల దిక్కు. జగదీశ్ తల పట్టుకున్నాడు. “కోరం లేదు పెదబాపూ, ఏం జేద్దాం?” అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది చూడు! మన కులంలో వలస పోయే ప్రతి మగవాడు ఇంట్లో ఒక కర్ర వదిలి పోతాడు కదా. కులం కూర్చున్నప్పుడు గొంగడి పరిచి ఆ కర్ర పెడితే మనిషి కూర్చున్నట్టే. పెద్దలు ఏది అంటే దానికి ఆ కర్ర సరే అన్నట్టే. మా తాతలు అట్లానే పెళ్ళిళ్ళు ఖాయం చేశారు, పంపకాలు చేశారు. మరి సంఘానికి పనికిరాదా? ఇండ్లల్లోంచి ఐదు కర్రలు తెప్పించాను. మల్సూరు కర్రను మీ అమ్మ అటక మీది నుంచి తీసి ఇస్తే, నేనే తడిగుడ్డతో తుడిచి నా పక్కన పెట్టుకున్నాను. నలుగురు మనుషులు, ఐదు కర్రలు. నిండు సభ! డాక్టరమ్మ ఎప్పుడు సరే అంటే అప్పటిదాకా ఏ మందా పొలిమేర దాటొద్దని తీర్మానం చేశాం. ఒక్కరు కూడా కాదనలేదు. ఏకగ్రీవం!

జీవాలు పోతున్నందుకు కడుపు మండుతూనే ఉంది. కానీ డెబ్బై ఏండ్లకు నా మాటకు ఇంత విలువ వచ్చిందంటే ఈ సంతోషం యాడ పెట్టుకోను? మీ అమ్మ మాత్రం “కుర్సీల కూసున్నవు గని, ఎన్క జేరబడకు, అది ఇరిగిపోయిన కాలుకు తాడు గట్టింది” అన్నది.

ఇట్లు పట్టరాని సంతోషంతో,
మీ బాపు ఐలన్న,
ఇంఛార్జి అధ్యక్షుడు
(ముద్ర కూడా కొట్టాను, చూడు.)


కోదాడ,
మే 26, 2025

బాపూ,

నీ కాళ్ళకు దండం. నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. చక్కెర పిల్లలకు పోశాను. నేను వేసుకోలేదు. చదవడం మొదలుపెట్టి చెంచా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నేను వండే హాస్టల్ వంటగదిలో పప్పు అడుగంటినా తెలియలేదు.

నేను చదివింది నిజమేనా? కర్రలు కూర్చున్నాయా? మా మహిళా సంఘంలో తీర్మానాలు రాసేది నేనే. ఎవరైనా రాకపోతే రాలేదని రాస్తాం. వాళ్ళ కొంగు తెచ్చి చాప మీద పరచం. పెళ్ళి ఖాయం చేసేటప్పుడు కర్ర పెడితే, ఆ మనిషి వచ్చాక కాదనొచ్చు, అలగొచ్చు. ఇది అట్లాంటిది కాదు కదా.

నువ్వు తుడిచి పక్కన పెట్టుకున్న కర్ర ఎవరిదో నీకు ఒక్కసారైనా తట్టలేదా? నేరేడుచర్లలో ఎరువుకు బావ మంద కట్టిన పొలం ఆసామి ఈసారి వానలు ముందే పడ్డాయని, నారుమడి దున్నాలి, ఖాళీ చెయ్యమన్నాడు. పక్క పొలాల వాళ్ళు కూడా అదే మాట. బావ మందను తోలుకుని ఇంటి దారి పట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఈనబోయే గొర్రెలు చాలా ఉన్నాయి. ఆయన్ను ఊళ్ళోకి రావొద్దని ఆయన కర్రతోనే చెప్పించావా?

రోగం సంగతి నాకు తెలుసు. దాని మీద నాకు కోపం లేదు. నేను అడిగేది ఒక్కటే బాపూ. పొలం ఆసామి పొమ్మంటున్నాడు, మీరు రావొద్దంటున్నారు. మరి బావ ఎక్కడ ఉండాలి? మీ తీర్మానంలో ఆ మాట ఉందా?

అమ్మకు మోకాళ్ళ నూనె సతీష్ చేతికి ఇచ్చాను.

నీ బిడ్డ,
సరళ


దోసలగూడెం,
మే 28, 2025

తెలివిగల్ల నా తల్లికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మొదట బెదిరిపోయాను. మూడోసారి చదివితే అర్థమైంది. అర్థమై ఎంత నవ్వుకున్నానో! పరీక్ష పెడుతున్నావు కదూ? కుర్చీ ఎక్కిన బాపు సొంత అల్లునికి తలుపు తీస్తాడా, తీయడా అని చూస్తున్నావు కదూ? ఐదో తరగతిలో బడి మానినవాణ్ణి, పరీక్షలంటే నాకు భయమే. కానీ ఈ పరీక్ష పాసయ్యాను బిడ్డా! మల్సూరు నా చెల్లెలి కొడుకైనా, నా బిడ్డ మొగడైనా, తీర్మానం తీర్మానమే. ఊరందరికి ఒక న్యాయం, నా అల్లునికి ఒక న్యాయం ఉండదు.

నీ ఉత్తరం సంగతి బోర్డులో కూడా చెప్పాను. “నా బిడ్డ నన్ను పరీక్ష జేసింది” అని చెప్తే ముగ్గురూ చప్పట్లు కొట్టారు. జగదీశ్ అయితే లేచి నిలబడి కొట్టాడు. మీ అమ్మ తలుపు దగ్గర నిలబడి ఏదో అన్నది, నాకు వినపడలేదు. మొహం చూస్తే చప్పట్లు కొట్టే మొహం కాదు.

మల్సూరుకు ఏం పరేషాన్ లేదని చెప్పు. వాడు తెలివైనవాడు, ఏదో ఒక గట్టు మీద సర్దుకుంటాడు. మనవాళ్ళు అట్లా ఎన్ని ఎండలు, ఎన్ని వానలు చూడలేదు!

ఊళ్ళో ఇంకో ఏడు జీవాలు పోయాయి. గుంత తవ్వి సున్నం పోసి పూడుస్తున్నాం. అందుకే రేపు టీకా మందు కోసం సూర్యాపేట పోతున్నాను. అక్కడ అన్ని సంఘాల అధ్యక్షులను పిలిచారట. నన్ను పిలిచారు! రోగం ఉన్న ఊరి నుంచి పోతున్నాను కాబట్టి చెప్పులు విప్పి కాళ్ళు మందునీళ్ళలో కడుక్కుని, ఉతికిన ధోతి కట్టుకుని రావాలని డాక్టరమ్మ చెప్పింది. మీ అమ్మ మొన్ననే నీలం వేసి ఉతికింది.

పరీక్ష పాసైన మీ బాపు,
ఇంఛార్జి అధ్యక్షుడు


సూర్యాపేట,
మే 29, 2025

నా తల్లీ,

ఆగలేక ఇక్కడి నుంచే రాస్తున్నాను. కోదాడ బస్సులో ఎవరైనా మన దిక్కువాళ్ళు దొరికితే ఇచ్చి పంపుతాను. మీ బాపు భుజం మీద ఇప్పుడు ఏముందో చెప్పుకో. శాలువా! జరీ అంచు శాలువా!

మీటింగులో ఒక పెద్ద సారు, రోగం వచ్చినప్పుడు ఏ ఊరి సంఘం ఎట్లా నడిచిందో చెప్పమన్నాడు. కొన్ని ఊళ్ళవాళ్ళు కోరం లేక వారమంతా ఆగామన్నారు. ఒక ఊళ్ళో తీర్మానం అయ్యేలోపు సగం మంద పోయిందట. నా వంతు వచ్చింది. నేను లేచి, గొంగడి సంగతి, నలుగురు మనుషులు, ఐదు కర్రల సంగతి మొత్తం చెప్పాను. సభంతా నవ్వే నవ్వు! ఒకాయన నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నాడు. ఏమంటున్నారో నాకు వినపడలేదు గానీ ఇంత మందిని ఇంత సంతోషపెట్టింది నా జన్మలో ఇదే. ఆ రోజే పొలిమేర మూసినందుకు అని శాలువా కప్పారు.

టీకా మందు రేపు చేతికి వస్తుంది. మా పెద్దమ్మ మనవని ఇంట్లో పండుకుంటున్నాను. వాళ్ళ ఆవిడ పూరీలు చేసింది. శాలువా మడత విప్పకుండానే పండుకుంటాను, నీకు చూపించాలి కదా.

శాలువా కప్పుకున్న మీ బాపు


కోదాడ,
మే 30, 2025

బాపూ,

నువ్వింకా సూర్యాపేటలోనే ఉన్నావని అమ్మ సతీష్‌తో చెప్పి పంపింది. అంటే నిన్న ఊళ్ళో ఏం జరిగిందో నీకింకా తెలియదన్నమాట. నాకు తెలుసు. బావ ఫోన్‌లో చెప్పాడు.   మాటల నడుమ గొర్రెల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి.

నిన్న పొద్దున ఆసామి ట్రాక్టరు తెచ్చి పొలంలో దింపాడు. బావ మందను తోలుకుని బయలుదేరి సాయంత్రానికి మన పొలిమేర వాగు దగ్గరికి వచ్చాడు. ఇవతలి ఒడ్డున జగదీశ్, ఇంకో పది మంది అడ్డం నిలబడ్డారు. “ఎవడ్రా ఆపమన్నది?” అని బావ అడిగితే, “నువ్వే” అన్నారట.

“నువ్వే” అన్నారు బాపూ.

ఊరు మూశారని చెప్పాను గానీ కర్రల సంగతి నేను ఆయనకు చెప్పలేదు. బావ వేళాకోళం అనుకున్నాడు. జగదీశ్ సంఘం ఆఫీసుకు పోయి కర్ర పట్టుకొచ్చి, “గిది నీ కర్రనా, కాదా? బోర్డుల నీ దిక్కు నుంచి గిదే కూసున్నది. గిది ఒప్పుకున్నది. డైరెక్టర్‌వి, నీ తీర్మానం నువ్వే దాటుతవా?” అన్నాడట. బావ వాగులో సగందాకా వచ్చి ఆ కర్ర తీసుకుని చేత్తో అటూ ఇటూ తిప్పి చూశాడట. “నన్నడగకుంట నా పేరు మీద మాట్లాడేది నాకెందుకు” అని మోకాలికేసి విరిచి, రెండు ముక్కలూ వాళ్ళ కాళ్ళ ముందు పారేశాడు.

కర్ర విరిచాడు బాపూ. మన కులంలో కర్ర విరిచినవాడు ఏమైనట్టో నాకు నువ్వే చెప్పావు, చిన్నప్పుడు. మంద విడిచినట్టు. పదేళ్ళ వయసు నుంచి మంద తప్ప ఇంకోటి తెలియని మనిషి.

ఇప్పుడు మందను రోడ్డు పక్కన పెట్టుకుని ఉన్నాడు. ఒక గొర్రెపిల్ల లారీ కింద పడింది. ఇక నావల్ల కాదు, మిర్యాలగూడ కోత బేరగానికి మొత్తం తోలేస్తానంటున్నాడు. కోతకు బాపూ, కడుపుతో ఉన్నవాటిని కూడా. బేరగాడు వచ్చే వారం లారీ తెస్తానన్నాడట. మంద పోతే బావ రేపు పొద్దున లేచి ఎటు నడుస్తాడో నాకు తెలియదు. నాకు భయమేస్తోంది.

నీ ఇరవై ఎనిమిదో తారీఖు ఉత్తరం చదివాను. నేను పరీక్ష పెట్టలేదు. ప్రశ్న అడిగాను.

సరళ


దోసలగూడెం,
జూన్ 1, 2025

బిడ్డా,

నిన్న ఊళ్ళోకి వచ్చాను. శాలువా కప్పుకునే వచ్చాను. ఆటో దిగితే ఎవరూ దగ్గరికి రాలేదు. జగదీశ్ నన్ను చూసి ఇంట్లోకి పోయాడు. అందరూ శాలువాను చూసి మర్యాదకు దూరం జరుగుతున్నారనుకున్నాను. చూడు, ఎంత పిచ్చివాణ్ణో.

ఇంట్లోకి పోయాను. మాట్లాడినా నాకు వినపడదని కావచ్చు, మీ అమ్మ నా చేయి పట్టుకుపోయి గొంగడి మూట విప్పింది. అందులో కర్ర రెండు ముక్కలు ఉన్నాయి. నేను తడిగుడ్డతో తుడిచిన కర్ర. రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనించి చూశాను.   నీ ఉత్తరం ఆ తర్వాతే చదివాను.

ఆ మీటింగులో వాళ్ళు ఎందుకు నవ్వారో ఇప్పుడు తెలుస్తోంది. శాలువా గూట్లో పెట్టేశాను.

జగదీశ్‌ను పిలిచి, తీర్మానం మార్చాలన్నాను. వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి అన్నది ఇది: “గొంగడి మీద తొమ్మిది మంది కూసోని అన్న మాట, మల్ల గా తొమ్మిది మంది కూసుంటెనే మారుతది పెదబాపూ. గీ ఇరిగిన కర్రను యాడ కూసోబెడ్తవు?” వాణ్ణి ఏం అనను? ఆ పద్ధతి వానికి నేర్పింది నేనే.

ఒక్క దారి కనపడుతోంది. అత్యవసరమైతే అధ్యక్షుడు ఒక్కడే సంతకం పెట్టొచ్చని జగదీశే అన్నాడు. మల్సూరు మంద ఒక్కటి లోపలికి రావొచ్చని రాసి సంతకం పెట్టనా? ఊరు ఉమ్మేస్తుంది. ఉమ్మేయనీ. కుర్చీ పోతుంది. పోనీ. మంద లారీ ఎక్కితే మల్సూరు మనకు మిగలడు. నువ్వు ఊ అంటే ఈ పూటే పెట్టేస్తాను. ఊ అను బిడ్డా.

మీ బాపు


కోదాడ,
జూన్ 2, 2025

బాపూ,

ఊ అనను. సంతకం పెట్టకు.

 రోగంతో ఇరవై జీవాలు పోయిన ఊళ్ళోకి, ఒంట్లో బాగున్న మందను నీ సంతకంతో పిలుస్తావా? లారీ ఎక్కకుండానే అన్నీ పోతాయి. నేను ఎప్పుడైనా లోపలికి రానివ్వమని అడిగానా? నా మొదటి ఉత్తరం నీ దగ్గర ఉందా? తీసి మళ్ళీ చదువు. బావ ఎక్కడ ఉండాలి అని అడిగాను. ఊళ్ళోకి రానివ్వు అనలేదు. నువ్వు మొదట దాన్ని పరీక్ష అనుకున్నావు, ఇప్పుడు సిఫారసు అనుకుంటున్నావు.

సంఘం నియమాల పుస్తకం బావ పెట్టెలో ఉంటే తీసి చదివాను. జగదీశ్ నీకు సగమే చెప్పాడు. అత్యవసరంలో అధ్యక్షుడు ఒక్కడే నిర్ణయం చేయొచ్చు, నిజమే. కానీ వెంటనే డైరెక్టర్లందరికీ కబురు పెట్టి, బోర్డు ముందు పెట్టాలి. వాళ్ళు ఒప్పుకుంటే ఉంటుంది, లేకపోతే పోతుంది. అంటే ఆ రోజు నీకు కోరమే అక్కర్లేదు బాపూ. నీ ఒక్కడి పేరు మీద పొలిమేర మూసి ఉంటే చెల్లేది. ‘ఐలన్న మూసిండు’ అని బావ నిన్ను తిట్టుకునేవాడు, అంతే. మామను తిట్టుకోవడం ఆయనకు కొత్తేం కాదు. తన కర్రను విరిచేవాడు కాదు.

ఇప్పుడైనా చెయ్యొచ్చు. వలస మీద ఉన్న ఐదుగురికీ ఫోన్ చేయించు. నాలుగు మందలు ఎట్లాగూ దగ్గరికి వచ్చేసి ఉన్నాయట, బావ చెప్పాడు. హాలియా దిక్కు ఉన్న రెండో ఆయన మందను తమ్ముడికి అప్పజెప్పి బస్సెక్కి వస్తాడు. వాళ్ళను అవతలి ఒడ్డున కూర్చోబెట్టు, మీరు నలుగురు ఇవతలి ఒడ్డున కూర్చోండి. ఎవరూ వాగు దాటొద్దు. డాక్టరమ్మను కూడా పిలువు. నీకు వినపడదు కాబట్టి ఒప్పుకున్నవాళ్ళను చేతులెత్తమను. చేతులైతే నీకు కనపడతాయి.

లారీ ఎల్లుండి వస్తుందట. బావను రెండు రోజులు ఆగమని బతిమాలాను. ఊ అనలేదు, ఊహూ అనలేదు.

అమ్మను నీ పక్కనే కూర్చోబెట్టుకో.

నీ బిడ్డ


దోసలగూడెం,
జూన్ 6, 2025

నా తల్లి సరళకు,

ఇది మీ బాపు నిదానంగా కూర్చుని రాస్తున్నది. చక్కెర ఏమీ వేసుకోవద్దు, ఊరికే చదువు.

నిన్న కూర్చున్నాం. వాగుకు అవతల ఒక గొంగడి, ఇవతల ఒక గొంగడి. నడుమ మోకాలి లోతు నీళ్ళు. అవతల ఐదుగురు మనుషులు. కర్రలు కాదు బిడ్డా, మనుషులు. గడ్డాలు పెరిగి, ఎండకు నల్లబడి, ఒక్కొక్కని మొహం చూస్తుంటే నాకు తల దించుకోవాలనిపించింది. డాక్టరమ్మ ఉమారాణి మా దిక్కు ఒడ్డున బండ మీద నిలబడింది. నేను చేతుల కుర్చీ తేవొద్దన్నాను. మీ అమ్మ నా కుడి చెవి పక్కన కూర్చుని, అవతలివాళ్ళు అరిచిన ప్రతి మాటా మళ్ళీ నా చెవిలో అరిచింది. మధ్యలో తన మాటలు కూడా కలిపిందని నా అనుమానం. అవతలివాళ్ళు నన్ను ‘ముసలోడా’ అని అంతమంది అనరు.

మొదట నేనే లేచాను. “మీ కర్రలు తెచ్చి కూసోబెట్టింది నేను. మిమ్ముల అడగలే. తప్పు నాది. ఆ దినం తీర్మానం కాలే అనుకోన్రి. ఇయ్యాల మల్ల మొదటి నుంచి జేద్దాం” అన్నాను. జగదీశ్ చేతిలో కలం పట్టుకుని నా దిక్కే చూశాడు.

తర్వాత మల్సూరు లేచాడు. వాడు మాట్లాడుతుంటే నేను వాని మొహం చూడలేక మంద దిక్కు చూశాను. ఏదో తక్కువగా కనపడింది. నాకు గంట వినపడదు కాబట్టి మంద ఎక్కడుందో ఎప్పుడూ కండ్లతోనే చూసుకుంటాను. ముందు నడిచే పెద్ద పొట్టేలు, మెడలో గంట ఉండేది, అది ఎక్కడ? చూశాను, చూశాను. లేదు. మీ అమ్మను అడిగాను. మీ అమ్మ నా చెవిలో అరవలేదు. మెల్లగా అన్నది, పెదవులు చూసి తెలుసుకున్నాను. “అమ్మిండు.”

లారీ వచ్చిందట బిడ్డా. నీ మాట మీద మందను ఆపాడు గానీ, వచ్చిన బేరగాణ్ణి ఉత్తగా పంపలేక ఆ ఒక్కదాన్ని ఎక్కించాడట. నీకు చెప్పాడో లేదో. వాడు చేతులతో పాలు పట్టి పెంచిన పొట్టేలు. అది ముందు నడిస్తే తప్ప మంద వాగు దాటేది కాదు. 

మల్సూరు అన్న మాట మీ అమ్మ ఇట్లా చెప్పింది: “మూసుడు తప్పని నేనంటలేను మామా. రోగం నాకు తెల్వదా? గని మూసినోళ్ళు, ఆగమన్నోళ్ళను యాడ ఆగమన్నరు? గా ఒక్క మాట అడగనీకె నేనుంటి. నేను లేకుంట నా కర్రను అడిగిన్రు. దానికి ఆకలైతదా? దానికి మందున్నదా?”

ఇవతలి ఒడ్డున జగదీశ్ ఆ మాట రాసుకున్నాడు.

అప్పుడు హాలియా నుంచి బస్సులో వచ్చిన ఆయన అడిగాడు, “మన సంఘం గడ్డి చెలక ఏమాయె?” అని. వాగు అవతల, తుమ్మల వెనక, గడ్డి పెంచుకోవడానికి సంఘానికి ఇచ్చిన చెలక భూమి ఉంది కదా. బోరు ఉంది, చుట్టూ కంచె ఉంది. ఆ రోజు మేం నలుగురం కూర్చున్నప్పుడు అది ఒక్కరికీ యాదికి రాలేదు. యాదికి రావాల్సిన అవసరం ఉన్నవాళ్ళు మాతో లేరు. అంతే బిడ్డా, అంత చిన్న సంగతి. దానికి ఒక గొర్రెపిల్ల లారీ కింద పడింది, ఒక పొట్టేలు కోతకు పోయింది.

డాక్టరమ్మ అవతలి మందలన్నీ బాగున్నాయి కాబట్టి టీకాలు ముందు వాటికే వేస్తానన్నది. తీర్మానం రాశాం. పొలిమేర మూసే ఉంటుంది. బయటి మందలు చెలకలో ఉంటాయి. గడ్డి, నీళ్ళు సంఘానివి. ఇక నుంచి ఎంత ఆపద వచ్చినా కర్రను లెక్కపెట్టొద్దు. ఎవరు లేకపోతే లేరనే రాయాలి, ఆ పూటే వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాలి.

“ఒప్పుకున్నోళ్ళు చెయ్యెత్తున్రి” అన్నాను. ఇవతల నాలుగు చేతులు లేచాయి. మీ అమ్మ కూడా ఎత్తింది. నువ్వు సభ్యురాలివి కాదు, దించు అంటే, “ఇంత సేపు అరిచిన గొంతు లెక్కకొస్తది గని చెయ్యి రాదా?” అని నా చేతి మీద ఒకటి వేసింది. అవతల నాలుగు లేచాయి.

మల్సూరు చేయి లేవలేదు.

వానికి అర్థం కాలేదనుకుని మళ్ళీ అడిగాను. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడన్నది మీ అమ్మ చెప్పకముందే నాకు తెలిసిపోయింది, అయినా చెప్పింది: “చెలకకు పోత. టీకాలేపిస్త. సంఘం మాట ఇంట. గని చెయ్యి మాత్రం ఎత్త. ఆ దినం నన్నడగకుంట ఒప్పిచ్చిన్రు. ఇయ్యాల అడిగిన్రు, నేను ఒప్పుకుంటలేను. గంతే.”

నాకు మొదట తలవంపులు అనిపించింది. నా ఇంటి మనిషి, అందరి ముందు. ఎనిమిది చేతులు పైకి ఉన్నాయి, నా కండ్లు ఆ లేవని చేతి మీదే ఉన్నాయి. తర్వాత, ఎట్లా చెప్పను, నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. శాలువా కప్పిన రోజు కూడా అంత సంతోషం కాలేదు. వాడు అక్కడ ఉన్నాడు! మాట్లాడుతున్నాడు, కాదంటున్నాడు!

జగదీశ్ నా చెవి దగ్గరికి వచ్చి, “ఏకగ్రీవం అని రాయన్నా పెదబాపూ? మనోడే గదా, తర్వాత నచ్చజెప్పొచ్చు” అన్నాడు.

“రాయకు. ఎనిమిది మంది ఒప్పుకున్నరు, ఒకరు ఒప్పుకోలేదు అని రాయి. పేరుతోని రాయి, పెద్ద అక్షరాలతోని రాయి” అన్నాను. రాశాడు. కింద నేను సంతకం పెట్టాను.

సాయంత్రం మందలు చెలకలోకి పోయాయి. మల్సూరు మంద మొదట కదల్లేదు. ముందు నడిచేది లేదు కదా. వాడే ముందు నడిచాడు, నోటితో ఏదో చప్పుడు చేస్తూ. అవి వెనక పోయాయి. నేను తుమ్మకొమ్మతో కొత్త కర్ర చెక్కి తెచ్చాను, ఇద్దామని. ఇక్కడి వస్తువు ఏదీ అటు పోవొద్దని డాక్టరమ్మ అడ్డుకున్నది. మన తీర్మానమే కదా. కర్ర ఇంట్లో తలుపు మూలకు నిలబెట్టాను. వాడు వచ్చి తీసుకుంటేనే అది కదులుతుంది.

వాడు ఫోన్ చేస్తే పొట్టేలు గురించి నువ్వు ముందు ఎత్తకు, వాడే చెప్తాడు. చేయెత్తలేదని మాత్రం ఒక్క మాట అనకు. నచ్చజెప్పకు. కర్ర అయితే ఒప్పుకునేది బిడ్డా.

మీ బాపు
ఐలన్న